జూదం నుంచి తనను తాను నిషేధించుకోవడం: స్వీయ నిషేధం ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అప్పటి నుంచి ఒక సందేహం తరచూ వినిపిస్తోంది. ప్రభుత్వమే ఆటను ఆపేసిన తర్వాత మనిషి తనంతట తాను నిషేధం విధించుకోవాల్సిన అవసరం ఏముంటుంది? బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఉంటున్న మనవాళ్లు అక్కడి స్వీయ నిషేధ జాబితాల గురించి చెప్పినప్పుడు ఇంకో సందేహం వస్తుంది. మానాలనుకున్నవాడు మానేయవచ్చు కదా, ఫారం నింపి మరీ "నన్ను ఆడనివ్వకండి" అని అడగడమేమిటి?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే ఉంది. జూదం వ్యసనంగా మారిన మనిషికి రోజంతా ఒకే మనసు ఉండదు. పొద్దున లేచి అప్పుల లెక్క చూసుకున్నప్పుడు ఇక జన్మలో ఆడకూడదనుకుంటాడు. ఆ నిర్ణయంలో అబద్ధం లేదు. రాత్రి పదకొండు గంటలకు, పోయిన డబ్బు రాబట్టుకోవడానికి ఇదొక్కటే దారి అనిపించినప్పుడు మాత్రం ఆ నిర్ణయం నిలవదు. పొద్దుటి మనిషి చేసిన నిర్ణయాన్ని రాత్రి మనిషి మార్చలేకుండా చేయడమే స్వీయ నిషేధం ఉద్దేశం.

ఖాతా మూసేయడానికీ దీనికీ తేడా ఏమిటి

సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ అని పిలిచే ఈ పద్ధతిలో, ఒక వ్యక్తి తనను ఫలానా కాలం వరకు ఆడనివ్వవద్దని క్యాసినోకో, బెట్టింగ్ సంస్థకో, అనేక సంస్థలకు ఉమ్మడిగా ఉండే జాబితాకో తనంతట తాను నమోదు చేసుకుంటాడు. ఆ కాలం పూర్తయ్యే దాకా అతను మనసు మార్చుకున్నా లాభం ఉండదు. ఇదే దీని ప్రాణం.

యాప్‌ల్లో దీన్ని పోలినవి మరికొన్ని ఉంటాయి. రోజుకు ఇంత కంటే ఎక్కువ డబ్బు వేయనివ్వకుండా పెట్టుకునే పరిమితి ఒకటి. ఒక రోజో వారమో విరామం తీసుకోవడం మరొకటి. మామూలుగా ఖాతా మూసేయడం ఇంకొకటి. ఇవేవీ స్వీయ నిషేధం కాదు. మూసేసిన ఖాతాను చాలా చోట్ల ఒక సందేశంతో తిరిగి తెరిపించుకోవచ్చు, లేదా పక్క యాప్‌లో కొత్తది తెరవవచ్చు. "ఎన్నిసార్లు డిలీట్ చేశానో, అన్నిసార్లు మళ్లీ వేసుకున్నాను" అని వ్యసనపరులు చెప్పే మాట ఈ ఖాళీ గురించే.

స్వీయ నిషేధం కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఒకే సంస్థకు వర్తించేది బలహీనమైనది, ఎందుకంటే అక్కడ ఆపితే ఆట పక్క సంస్థకు మారుతుంది. దేశంలో లైసెన్సు ఉన్న సంస్థలన్నిటికీ వర్తించే ఉమ్మడి జాబితా దానికంటే చాలా గట్టిది. స్వీడన్ 2019 జనవరి 1న ఇలాంటి జాబితాను మొదలుపెట్టింది. దాని పేరు స్పెల్‌పౌస్. ఆస్ట్రేలియాలో ఆన్‌లైన్, ఫోన్ బెట్టింగ్‌లకు 2023 ఆగస్టు 21న బెట్‌స్టాప్ వచ్చింది. అందులో కనీసం మూడు నెలల నుంచి జీవితకాలం వరకు ఎంచుకోవచ్చు. బ్రిటన్‌లోని గామ్‌స్టాప్ 2018లో మొదలైంది. 2020 మార్చి 31 నుంచి అక్కడ ఆన్‌లైన్ లైసెన్సు ఉన్న ప్రతి సంస్థా అందులో చేరడం తప్పనిసరి.

లెస్టర్‌లో ఒక ఉదాహరణ

బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఎం.ఎస్సీ చదువుతున్న గుంటూరు విద్యార్థిని ఊహించుకుందాం. వారానికి కొన్ని గంటలు గిడ్డంగిలో పని. ఫీజు రెండో విడతకని దాచిన 3,000 పౌండ్లలో 1,100 ఫుట్‌బాల్, క్రికెట్ పందేల్లో పోయాయి. నాలుగు సంస్థల్లో ఖాతాలున్నాయి. ఒక దానిలో ఇంకా 60 పౌండ్లు మిగిలాయి. జనవరి 11న గామ్‌స్టాప్‌లో ఆరు నెలలకు నమోదు చేసుకున్నాడు. ఆరు నెలలు, ఏడాది, ఐదేళ్లు అనే గడువుల్లో అతను తక్కువది ఎంచుకున్నాడు.

పేరు, పుట్టిన తేదీ, ఈమెయిళ్లు, ఫోన్ నంబరు, ఇప్పటి చిరునామా, పాత చిరునామాలు ఇస్తాడు. 24 గంటల్లోపు నిషేధం అమల్లోకి వస్తుంది. ఇక నాలుగు సంస్థలూ అతన్ని లోపలికి రానివ్వకూడదు. మిగిలిన 60 పౌండ్లు తిరిగి ఇచ్చేయాలి. ప్రచార సందేశాలు పంపడం ఆపాలి. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఆట మానిన పదో రోజున "మీ కోసం 10 పౌండ్ల ఉచిత పందెం" అన్న సందేశం ఫోన్‌లో మెరిస్తే ఏమవుతుందో ఆ దారిలో నడిచినవారికి బాగా తెలుసు.

మార్చిలో ఒక రాత్రి మనసు ఆగక అయిదో సంస్థలో కొత్త ఈమెయిల్‌తో ఖాతా తెరవబోయాడనుకుందాం. ఆ సంస్థ అతని వివరాలను జాబితాతో పోల్చి చూడాలి. ఈమెయిల్ కొత్తదైనా పేరు, పుట్టిన తేదీ, పోస్ట్‌కోడ్ కలిస్తే అతన్ని పట్టుకునే అవకాశం ఉంటుంది.

జూలై 11న ఆరు నెలలు నిండుతాయి. ఆ రోజు తెల్లవారగానే నిషేధం దానంతటదే తొలగిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. తీసేయమని అతను స్వయంగా అడగాలి. అడిగాక కూడా 24 గంటలు ఆగాలి, ఆ లోపు మనసు మార్చుకోవచ్చు. అసలు ఏమీ అడగకపోతే నిషేధం మరో ఏడేళ్ల దాకా కొనసాగుతుంది. అంటే మానేయడానికి ఏమీ చేయనక్కర్లేదు, మళ్లీ ఆడాలంటేనే శ్రమపడాలి. మామూలు యాప్‌లో పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. ఈ ఒక్క ఏర్పాటులో ఎంతో ఆలోచన ఉందని నాకనిపిస్తుంది.

పేరు కలవకపోతే జాబితా పనిచేయదు

జాబితా ఎంత గట్టిదైనా అది పట్టుకునేది వివరాలనే, మనిషిని కాదు. మన పేర్ల విషయంలో దీన్ని కాస్త ఆగి చూడాలి. ఇంటిపేరు ముందుంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా ఉంటే, కొందరికి పేరంతా ఒకే గడిలో ఉంటుంది. బ్యాంకులో ఒక వరస, విశ్వవిద్యాలయం రికార్డులో ఇంకో వరస. తెలుగు పేరును ఇంగ్లిషు అక్షరాల్లో రాసేటప్పుడు ఒక అక్షరం ఎక్కువో తక్కువో అవుతుంది. దానికి తోడు విద్యార్థులు ఏడాదికోసారి గది మారతారు, పోస్ట్‌కోడ్ మారుతుంది.

కావాలని వివరాలు మార్చి తప్పించుకునేవారి సంగతి సరే. నిజాయితీగా నమోదు చేసుకున్నవారి పేరు కూడా ఇలా జల్లెడలోంచి జారిపోవచ్చు. అందుకే చిరునామా, ఫోన్ మారినప్పుడు జాబితాలోనూ మార్పించుకోవాల్సిన బాధ్యత నమోదైన వ్యక్తి మీదే ఉంది. సాయం అవసరమై వచ్చిన మనిషి మీదే ఈ పనీ పడటం ఈ పద్ధతిలోని ఒక లోపం.

కంచె ఎంతవరకు

మన లెస్టర్ విద్యార్థి ఆన్‌లైన్‌లో ఆగిపోయాడు. అదే వీధిలో ఉన్న బెట్టింగ్ దుకాణం సంగతేమిటి? గామ్‌స్టాప్ దానికి వర్తించదు. బెట్టింగ్ దుకాణాలకు మోసెస్ అనే ఏర్పాటు ఉంది, క్యాసినోలకు సెన్స్ అనేది ఉంది. వాటిలో విడిగా నమోదు కావాలి. దుకాణాల్లో కంప్యూటర్ సరిపోల్చడం ఉండదు, కౌంటర్లో ఉన్న సిబ్బంది ఫొటో చూసి గుర్తుపట్టాలి. రద్దీగా ఉన్న శనివారం మధ్యాహ్నం అది ఎంతవరకు సాధ్యమో ఊహించవచ్చు.

అసలు పెద్ద కన్నం మరొకటి. ఉమ్మడి జాబితా లైసెన్సు ఉన్న సంస్థలనే కట్టడి చేస్తుంది. ఎక్కడో చిన్న ద్వీపంలో నమోదై, బ్రిటన్ లైసెన్సు లేకుండా నడిచే సైట్లకు దానితో సంబంధం లేదు. పైగా అలాంటి కొన్ని సైట్లు తాము గామ్‌స్టాప్‌లో లేమన్న సంగతినే ప్రచారంగా వాడుకుంటాయి. ఆ ప్రకటన ఎవరి కోసమో వేరే చెప్పనక్కర్లేదు. మానేయాలని నమోదు చేసుకుని, మళ్లీ తడబడుతున్న మనిషి కోసమే. జూదం వ్యాపారంలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించే విషయం ఇది.

దీనికి పైపొరగా బ్యాంకులు మరో అడ్డు పెడుతున్నాయి. కార్డుతో చెల్లింపు జరిగినప్పుడు అమ్మకందారు ఏ రకం వ్యాపారం చేస్తున్నాడో చెప్పే నాలుగంకెల కోడ్ ఒకటి బ్యాంకుకు చేరుతుంది. జూదానికి 7995. ఖాతాదారు కోరితే ఆ కోడ్ ఉన్న చెల్లింపులను బ్యాంకు తిప్పికొడుతుంది. బ్రిటన్‌లో మోంజో అనే బ్యాంకు 2018లో ఈ సౌకర్యం తెచ్చింది. దాన్ని తీసేయాలంటే సిబ్బందితో మాట్లాడి 48 గంటలు ఆగాలి. 2020 ఏప్రిల్ 14 నుంచి క్రెడిట్ కార్డుతో జూదమాడటాన్నే అక్కడ నిషేధించారు. అయితే చట్టవిరుద్ధ సైటు తన వ్యాపారాన్ని మరేదో కోడ్ కింద నమోదు చేసుకుంటే బ్యాంకు అడ్డు కూడా దాన్ని గుర్తించలేదు. గామ్‌స్టాప్, బ్యాంకు అడ్డు, జూదం సైట్లు తెరుచుకోకుండా ఆపే గాంబాన్ లాంటి సాఫ్ట్‌వేర్ మూడూ కలిపి వాడమని అక్కడ సలహా ఇచ్చేది అందుకే. ఏ ఒక్కటీ పూర్తి రక్షణ కాదు.

అధ్యయనాలు ఏమంటున్నాయి

కెనడాలోని క్వెబెక్ క్యాసినోలో స్వీయ నిషేధం తీసుకున్న 220 మందిపై జరిగిన అధ్యయనం ఒకటి 2000లో వెలువడింది. వారిలో 30 శాతం మంది నమోదు తర్వాత పూర్తిగా ఆట మానేశామన్నారు. 36 శాతం మంది నిషేధం ఉండగానే క్యాసినోకు తిరిగి వెళ్లారు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో నమోదై నాలుగు నుంచి పదేళ్లయినవారిని అడిగి చేసిన మరో అధ్యయనం 2010లో వచ్చింది. ఎక్కువమంది తమ ఆట తగ్గిందనే చెప్పారు. అదే అధ్యయనంలో, నిషేధం ఉన్నా మిస్సోరి క్యాసినోల్లోకి వెళ్లాలని ప్రయత్నించినవారిలో సగం మంది వెళ్లగలిగారు కూడా.

ఈ రెండు విషయాలను పక్కపక్కన పెట్టి చూడాలి. కాపలా అంత కచ్చితంగా లేదు, అయినా మేలు జరిగింది. దాన్నిబట్టి, పేరు రాయించుకోవడమనే పని తనంతట తానే ఏదో చేస్తోందని పరిశోధకులు అన్నారు. "నాకు ఈ సమస్య ఉంది" అని మొదటిసారి బయటికి ఒప్పుకోవడం, దాన్ని ఒక కాగితం మీద పెట్టడం చాలామందికి మలుపు. చాలామంది ఆ మాట భార్యకో తండ్రికో చెప్పడానికి ముందు ఫారంలోనే చెబుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నమోదు చేసుకునేవారంతా అప్పటికే మానాలన్న పట్టుదలతో వచ్చినవారు. వారిలో కనిపించిన మార్పు జాబితా వల్ల ఎంత, ఆ పట్టుదల వల్ల ఎంత అన్నది విడదీయడం కష్టం. అదీగాక ఇలాంటి అధ్యయనాల్లో ఆట మానానని చెప్పేది ఆడిన మనిషే. కాబట్టి "స్వీయ నిషేధం వ్యసనాన్ని నయం చేస్తుంది" అనడానికి ఆధారం లేదు. అది సమయం ఇస్తుంది. ఆ సమయంలో చికిత్స, అప్పుల సర్దుబాటు, కుటుంబంతో మాట్లాడుకోవడం జరిగితే ఫలితం నిలుస్తుంది.

ఆరు నెలలా, జీవితాంతమా

గడువు గురించి చాలా కాలంగా వాదన నడుస్తోంది. మిస్సోరి 1996లో రాష్ట్రవ్యాప్త జాబితా మొదలుపెట్టినప్పుడు పేరు ఒకసారి రాయించుకుంటే జీవితాంతం అంతే. వ్యసనం జీవితకాల సమస్య కనుక నిషేధం కూడా అలాగే ఉండాలన్నది దాని వెనక ఉన్న తర్కం. వినడానికి సబబుగానే ఉంది. కానీ జీవితాంతం అన్న మాట వినగానే వెనకడుగు వేసేవారు ఎంతోమంది ఉంటారు. ఆరు నెలలంటే ధైర్యం చేసి సంతకం పెట్టే మనిషి జీవితకాలమంటే ఫారం మూసేస్తాడు. తర్వాత మిస్సోరి కూడా మెత్తబడి, ఐదేళ్లు గడిచాక పేరు తీసేయమని కోరే వీలు కల్పించింది.

తక్కువ గడువుకు తన చిక్కులు తనకున్నాయి. ఆరు నెలల్లో అప్పు తీరదు, మనసు కుదుటపడటం కూడా అప్పుడే మొదలవుతుంది. సరిగ్గా ఐపీఎల్ మొదలయ్యే వారంలో గడువు ముగిస్తే ఏమవుతుంది? గడువు ముగిసినా అడిగితే తప్ప నిషేధం తొలగని బ్రిటన్ పద్ధతి ఈ రెండు వాదాలకూ మధ్య నిలుస్తుంది. చేరేటప్పుడు చిన్న గడువు చూపి భయం తగ్గిస్తుంది, బయటికి వెళ్లేటప్పుడు తొందరపడనివ్వదు.

నిషేధం ఉండగా ఆడితే నష్టం ఎవరిది

సంస్థ తప్పు వల్ల నిషేధంలో ఉన్న మనిషి ఆడగలిగి డబ్బు పోగొట్టుకుంటే, ఆ డబ్బు తిరిగి ఇవ్వాలా? ఇది న్యాయస్థానాల దాకా వెళ్లిన ప్రశ్న.

బ్రిటన్‌లో గ్రేహౌండ్ పరుగు కుక్కలకు శిక్షణనిచ్చే ఒక వ్యక్తి 2006లో తన ఫోన్ బెట్టింగ్ ఖాతాను ఆరు నెలలు మూసేయమని విలియం హిల్ సంస్థను కోరాడు. సంస్థ ఒప్పుకుంది కానీ ఆ మాట అమలు చేయలేదు. అతను ఆడుతూనే పోయాడు. ఆ ఏడాది రైడర్ కప్ గోల్ఫ్ పోటీలో అమెరికా గెలుస్తుందని ఒక్క పందెంలో 3,47,000 పౌండ్లు పెట్టాడు. ఐరోపా గెలిచింది. మొత్తంగా 20 లక్షల పౌండ్లకు పైగా పోయాయని దావా వేశాడు. 2008లో హైకోర్టు, తర్వాత అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పులు రెండు భాగాలుగా ఉన్నాయి. ఆపుతామని మాటిచ్చిన సంస్థకు బాధ్యత ఉంది, దాన్ని అది నిలబెట్టుకోలేదు. కానీ ఆ సంస్థ ఆపి ఉన్నా అతను వేరేచోట ఆడి ఆ డబ్బు పోగొట్టుకునేవాడే, కనుక పరిహారం రాదు.

ఈ తీర్పు చదివినప్పుడు బాధ కలుగుతుంది. వ్యసనం ఎంత తీవ్రంగా ఉంటే పరిహారానికి అంత దూరమవుతామన్నట్టు ఉంది. అయినా న్యాయమూర్తుల ముందున్న చిక్కు నిజమైనదే. అప్పుడు అన్ని సంస్థలకూ వర్తించే జాబితా లేదు, కాబట్టి పక్క బుకీ దగ్గరికి వెళ్లేవాడన్న మాటను కాదనడం కష్టం. ఈ రోజు ఉమ్మడి జాబితా ఉన్నచోట అదే వాదన అంత తేలిగ్గా నిలబడకపోవచ్చు.

వాపసు ఇవ్వాలన్న వాదానికి ఒక ప్రమాదం కూడా ఉంది. నిషేధంలో ఉన్నవాడు కన్నం వెతికి దూరి 500 పందెం కాశాడనుకుందాం. గెలిస్తే 1,000 జేబులో వేసుకుంటాడు. ఓడితే "నన్ను ఎందుకు ఆడనిచ్చారు" అని 500 వెనక్కి అడుగుతాడు. అంటే ఓటమి లేని పందెం. అది ఆట వైపు లాగే ఆకర్షణే అవుతుంది. మిస్సోరి దీన్ని మరోవైపు నుంచి ఆపింది. జాబితాలో ఉన్నవాడు క్యాసినోలో దొరికితే గెలిచిన సొమ్ము అతనికి దక్కదు, అక్రమ ప్రవేశం కింద కేసు కూడా పెట్టవచ్చు. గెలిచినా రాదని ముందే తెలిస్తే ఆడటానికి కారణమే పోతుందన్నది ఆ ఆలోచన. కానీ సాయం కోసం పేరు రాయించుకున్న మనిషిని నేరస్థుడిగా నిలబెట్టడం ఎంతవరకు న్యాయమన్న విమర్శ దాని మీద ఉంది. బ్రిటన్‌లో ఆడిన మనిషిపై కేసు ఉండదు. అడ్డుకోని సంస్థపై అక్కడ జూదాన్ని నియంత్రించే గ్యాంబ్లింగ్ కమిషన్ చర్య తీసుకుంటుంది.

ఇంట్లోవాళ్లు అడిగితే

మన ఇళ్లలో జూదం ఒక్కరి సమస్యగా ఉండదు. భార్య మెడలోని గొలుసు తాకట్టులో ఉంటుంది, తండ్రి పొలం మీద అప్పు ఉంటుంది. వాళ్లు నిషేధం కోరవచ్చా? ఎక్కువ దేశాల జాబితాల్లో కోరలేరు, పేరు రాయించుకోవాల్సింది ఆడే మనిషే. సింగపూర్ వేరే దారి పట్టింది.

2010లో రెండు క్యాసినోలు తెరిచిన సింగపూర్, వాటితోపాటే మూడు రకాల నిషేధాలు పెట్టింది. స్వీయ నిషేధం ఒకటి. జీవిత భాగస్వామి, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు కోరగలిగే కుటుంబ నిషేధం రెండోది. దివాలా తీసినవారికి, ప్రభుత్వ ఆర్థిక సాయంపై బతుకుతున్నవారికి చట్టమే విధించేది మూడోది. కుటుంబ నిషేధం అడగ్గానే రాదు. జూదం వల్ల ఇంటికి జరిగిన నష్టాన్ని ఒక కమిటీ ముందు చూపాలి. ఆడే మనిషి వాదన కూడా కమిటీ వింటుంది. వీటికి తోడు పౌరులు, శాశ్వత నివాసులు క్యాసినోలో అడుగుపెట్టాలంటే రోజుకు 150 సింగపూర్ డాలర్లు కట్టాలి. విదేశీయులకు ఆ రుసుము లేదు. అక్కడ పనిచేస్తున్న మన కార్మికులు విదేశీయుల కిందికే వస్తారు. వారికి డబ్బు అడ్డు లేదు కనుక స్వీయ నిషేధమే మిగిలిన అడ్డు.

కుటుంబ నిషేధాన్ని వ్యతిరేకించేవారు వ్యక్తి స్వేచ్ఛను ముందుకు తెస్తారు. వయసొచ్చిన మనిషి తన డబ్బుతో ఏం చేయాలో ఇంకొకరు నిర్ణయించకూడదంటారు. బలవంతంగా పేరు ఎక్కించినవాడు కసితో దొంగదారి వెతుకుతాడనీ, తనంతట తాను సంతకం పెట్టినప్పుడు కలిగే మేలు ఇందులో ఉండదనీ అంటారు. సమర్థించేవారు అడిగేది ఒక్కటే. ఆ డబ్బు నిజంగా అతనిదేనా? తాకట్టు పెట్టిన గొలుసు ఎవరిది?

నిషేధం ఉన్న రాష్ట్రంలో స్వీయ నిషేధం

ఇక మన దగ్గరికి వద్దాం. పేకాటలో రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. ఆ కేసు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు గురించినదే. ఆన్‌లైన్ రమ్మీ, ఫాంటసీ క్రికెట్ యాప్‌లు దశాబ్దాల తర్వాత ఆ తీర్పు నీడలోనే పెరిగాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 132 సైట్లను, యాప్‌లను నిలిపివేయమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేంద్రానికి రాసింది. 2025 చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడానే పక్కన పెట్టింది. ఆడించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పెట్టింది. ఆ చట్టాన్ని సవాలు చేస్తూ వేర్వేరు హైకోర్టుల్లో పడిన కేసులను సుప్రీంకోర్టు తన దగ్గరకు తెచ్చుకుంది.

నిషేధానికి ముందు పెద్ద యాప్‌లు స్వీయ నిషేధం బటన్ ఇచ్చేవి. కానీ అది ఆ యాప్ వరకే. దేశమంతటికీ ఒక జాబితా ఎన్నడూ లేదు. ఇప్పుడు ఆ యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. మిగిలినవి విదేశీ సైట్లు, వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో పందేలు తీసుకునే బుకీలు. అక్కడ డబ్బు వెళ్లేది 7995 కోడ్ మీద కాదు. ఎవరో ఒక మామూలు మనిషి పేరున తెరిచిన అద్దె ఖాతాకు యూపీఐలో వెళ్తుంది. బ్యాంకు కంటికి అది స్నేహితుడికి పంపిన డబ్బులా కనిపిస్తుంది.

ఇక్కడే రెండు పక్షాలు విడిపోతాయి. నిషేధాన్ని సమర్థించేవారి వాదన బలమైనదే. ప్రకటన లేదు, క్రికెటర్ల ముఖాలతో హోర్డింగులు లేవు, యాప్ స్టోర్‌లో ఒక నొక్కుతో దొరకదు. కొత్తగా ఈ వలలో పడేవారు తగ్గుతారు. ఏటా 20,000 కోట్ల రూపాయలకు పైగా ప్రజలు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వం వేసిన అంచనా చూస్తే ఆ మాటను కొట్టిపారేయలేం. స్వీయ నిషేధం మీద మాత్రమే ఆధారపడటం, ప్రమాదకరమైన సరుకును అమ్ముకోనిచ్చి జాగ్రత్త బాధ్యతను కొనేవాడి మీద వేయడమేనని ప్రజారోగ్య రంగంలో ఉన్నవారు ఇతర దేశాల్లోనూ విమర్శిస్తున్నారు.

లైసెన్సు పద్ధతే మేలనేవారు అప్పటికే వ్యసనంలో ఉన్న మనిషిని చూపిస్తారు. లైసెన్సు ఉన్న సంస్థ దగ్గర అతని పేరుంటుంది, ఎంత పోగొట్టుకున్నాడో లెక్క ఉంటుంది, ఆపమని అడిగే హక్కు ఉంటుంది. బుకీని అలా అడగలేడు. చట్టం ఆటను మూసేసింది కానీ "నన్ను ఆపండి" అని చెప్పుకునే చోటు ఆ మనిషికి ఇవ్వలేదు. ప్రభుత్వ నిషేధం, స్వీయ నిషేధం ఒకదానికొకటి బదులు కావు. మొదటిది కొత్తవారిని రాకుండా చూస్తుంది, రెండోది లోపల ఉన్నవారు బయటపడటానికి ఆసరా ఇస్తుంది. మొదటిది ఉన్నందువల్ల రెండోది అనవసరమనుకోవడం పొరపాటని నా నమ్మకం.

లైసెన్సు సంస్థలే లేనిచోట జాబితా ఎవరికి ఇవ్వాలి? బ్యాంకులకు ఇవ్వవచ్చన్నది ఒక ఆలోచన. కార్డుతో ఆన్‌లైన్ చెల్లింపులను, విదేశీ చెల్లింపులను ఖాతాదారే ఆపుకునే, పరిమితి పెట్టుకునే వీలు కల్పించాలని రిజర్వు బ్యాంకు 2020లోనే బ్యాంకులను ఆదేశించింది. అయితే ఆపినదాన్ని అదే నిమిషంలో తిరిగి తెరుచుకోవచ్చు. దానికి రెండు రోజుల ఆలస్యం జోడిస్తే జూదం వ్యసనపరులకు అది మరో సాధనమవుతుంది. యూపీఐ పరిమితికీ అలాంటి ఆలస్యం పెట్టవచ్చు.

దానికంటే ముందు తేలాల్సిన చిక్కు ఇంకొకటి ఉంది. 2025 కేంద్ర చట్టం ఆడినవారికి శిక్ష పెట్టలేదు, వారిని బాధితులుగానే చూసింది. కానీ 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రకటించిన సవరణలో ఆడినవారికి ఆరు నెలల వరకు జైలు ఉంది. తెలంగాణ చట్టంలోనూ ఆడినవారికి శిక్ష ఉంది. అలాంటప్పుడు "నేను జూదమాడుతున్నాను, నా పేరు రాసుకోండి" అని ఒక ప్రభుత్వ జాబితాలో సంతకం పెట్టడం నేరాన్ని ఒప్పుకున్నట్టు కాదా అని ఎవరికైనా భయం వేస్తుంది. ఆ వివరాలు పోలీసులకు చేరవని, కేసుకు ఆధారం కావని చట్టంలోనే రాసి ఉంటే తప్ప ఎవరూ పేరు రాయించుకోరు. ఈ లోపు ఏ జాబితాలోనూ సంతకం పెట్టకుండా మాట్లాడేందుకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు ఉంది. తెలుగులోనూ మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఇంటర్నెట్, ఆటల వ్యసనాలకు 2014 నుంచి షట్ క్లినిక్ పేరుతో ప్రత్యేక విభాగం నడుస్తోంది. అక్కడికి వెళ్లినవారిని రోగులుగానే చూస్తారు.